సినిమాహాలులో బ్యాండుమేళం

'బ్యాండు' అన్న మాట చెవిని పడగానే మనలో చాలమందికి పెండ్లి ఊరేగింపు జ్ఞప్తికి వస్తుంది. రంగురంగుల కోట్లు తొడిగి, ఇత్తడి బాకాలు పూరిస్తూ, డోళ్లు మ్రోగిస్తూ పెండ్లికుమారుని వాహనానికి ముందు నడిచే మేళం అది. ఈ ప్రసంగంలో మేము చెప్పదలచిన బ్యాండు వేరు. రేడియోలో పాశ్చాత్య సంగీత కార్యక్రమాలు వినే అలవాటు గల శ్రోతలకు 'స్వింగ్' అనే పేరు క్రొత్త కాదు. ట్రంపెట్లు, ట్రాంబోనులు, సాక్సోఫోనులు, క్లారినెట్టు, పియానో, గిటారు, డ్రమ్ములు, ఇట్లు పదిహేను పదహారు వాద్యాలు ఒక్క గొంతుకతో పలికి, అంతలోనే ఒక వాద్యకారునికి చోటు విడిచి, అతడు తన మనోధర్మం కొలది ఆశువుగా వాయించిన తరువాత మరల అందరు కలిసికొనే సంగీతం అది. 1935 మొదలు సుమారు 1946 వరకు అమెరికా యువతరానికి అదే ఊపిరి. ఆ పెద్ద మేళాలకే 'బిగ్ బ్యాండు' అని పేరు.

ఈ రికార్డులు విన్నప్పుడు ఒక సందేహం కలగడం సహజం. ఈ వాద్యకారులు ఎక్కడ వాయించేవారు? ఎవరు కూర్చుండి వినేవారు? హోటళ్లలో, నాట్యశాలలలో అనేది సగం సమాధానం మాత్రమే. ఆ చోట్లకు పోవడానికి మంచి దుస్తులు కావలెను, జేబులో పైకము కావలెను, వయస్సు కూడా చాలవలెను. బడిపిల్లలు, దుకాణాలలో పనిచేసే ఆడపిల్లలు, కర్మాగారపు కూలీలు, సెలవు మీద వచ్చిన సైనికులు ఈ మేళాలను కన్నులారా చూచిన చోటు మరొకటి ఉన్నది. అది సినిమాహాలు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నగరాలలో సినిమా టిక్కెట్టు కొన్నవారికి చిత్రంతో పాటు ఒక గంటసేపు సజీవమైన సంగీతం, నృత్యం, హాస్యం లభించేవి. యుద్ధమే ఆ హాళ్లను జనంతో నింపినది. ఆ రంగస్థలాలను క్రమంగా ఖాళీ చేసినది కూడా యుద్ధమే. ఇది ఎట్లు సంభవించినదో వివరించడం మా ఉద్దేశం.

మూగచిత్రాల కాలంలో మన దేశంలోనూ తెర ప్రక్కన హార్మోనియము, తబలా పెట్టుకొని కథకు తగినట్లు వాయించేవారు. అమెరికాలోని పెద్ద నగరాలలో ఇదే పని ఒక పూర్తి వాద్యబృందం చేసేది. చిత్రానికి ముందు, వెనుక నృత్యాలు, పాటలు ఉండేవి. ఆ దేశంలో 'వాడెవిల్' అనే మరొక వినోదం కూడా చిరకాలంగా ఉన్నది. గారడివాడు, హాస్యగాడు, గాయని, దొమ్మరివిద్యల వారు, చిన్న నాటకం ఆడేవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి పది, పదిహేను నిమిషాలు తమ విద్య చూపి వెళ్లే ప్రదర్శన అది. 1927 తరువాత చిత్రాలకు మాట వచ్చినది. 1929 చివర ఆర్థిక మాంద్యం ప్రారంభమైనది. యజమానులకు హాలులోని వాద్యబృందం అనవసరమైన ఖర్చుగా కనబడినది. వేలకొలది వాద్యకారులు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. టాకీలు వచ్చిన తరువాత మన నాటక సమాజాలలోని హార్మోనిస్టులకు, మేకప్పు వారికి కలిగిన దుఃస్థితిని ఎరిగిన పెద్దలకు ఈ కథ విడమరచి చెప్పవలసిన పని లేదు. న్యూయార్కులో వాడెవిల్‌కు పట్టుగొమ్మగా పేరుపొందిన ప్యాలెస్ థియేటరు సైతం 1932లో సినిమాహాలుగా మారినది.

అయితే తగ్గిన జనాన్ని తిరిగి రప్పించవలసి వచ్చినప్పుడు ఒక హాలు వారు పాత పద్ధతినే క్రొత్త రూపంలో ప్రయోగించి చూచినారు. న్యూయార్కు నగరంలోని టైమ్స్ స్క్వేరులో 1926లో తెరచిన పారమౌంట్ థియేటరు ఆ హాలు. అందులో 3,600 పైచిలుకు ఆసనాలు. 1935 డిసెంబరు చివర వారు గ్లెన్ గ్రే నాయకత్వాన ఉన్న కాసా లోమా బ్యాండును చిత్రంతో పాటు రంగస్థలం మీదికి తెచ్చినారు. ప్రయోగం ఫలించినది. 1937 మార్చి 3వ తేదీన బెన్నీ గుడ్‌మన్ బ్యాండు అక్కడ ప్రారంభమైనప్పుడు విద్యార్థులు తెల్లవారకముందే బారులు తీరినారు. సంగీతం మొదలైన తరువాత ఆసనాలలో నిలువలేక నడవలలోనికి వచ్చి నృత్యం చేసినారు. ఆ వార్త దేశమంతటా ప్రాకినది. మరునాటి నుండి ప్రతి పెద్ద నగరంలోను హాలు యజమానులు బ్యాండులను వెదకుకొన్నారు. న్యూయార్కులో స్ట్రాండ్, క్యాపిటల్, షికాగో నగరంలో షికాగో, ఓరియంటల్, ఫిలడెల్ఫియాలోను వాషింగ్టనులోను ఎర్ల్ అనే పేరుగల హాళ్లు ఈ ప్రదర్శనలకు ప్రసిద్ధి కెక్కినవి.

ఇక ఒక ఆట ఎట్లు నడిచేదో చూతము. ఉదయం పూట టిక్కెట్టు చౌక, సాయంకాలం కొంత ఎక్కువ. ఆటకు ఆటకు హాలు ఖాళీ చేయించే పద్ధతి అక్కడ లేదు. ఒకసారి లోపల ప్రవేశించినవారు ఇష్టమున్నంతసేపు కూర్చుండవచ్చును. ముందు చిత్రం, తరువాత వార్తాచిత్రం. తెర మీద చివరి అక్షరాలు మాయమగుచుండగానే ఎక్కడి నుండియో బ్యాండు వినవచ్చేది. చూడబోతే రంగస్థలం మీద ఎవరూ లేరు. వాద్యకారులు కూర్చున్న వేదిక రంగస్థలానికి ముందున్న గోతిలో నుండి, విద్యుద్యంత్రం సహాయంతో మెల్లగా పైకి లేచేది. మొదట బాకాల ఇత్తడి తళుకులు, తరువాత వాద్యకారుల శిరస్సులు, చివరకు తెల్లకోటు తొడిగిన నాయకుడు దీపకాంతిలో ప్రత్యక్షమయ్యేవారు. ప్రతి బ్యాండుకు తన గుర్తుగా ఒక వరుస ఉండేది. ఆ వరుస రెండు చరణాలు వినబడకముందే పిల్లలు అది ఎవరి బ్యాండో చెప్పగలిగేవారు. మూడు వేలమంది ఒక్కసారిగా చేసే ఆ కేకతోనే ఆట ప్రారంభం.

ఆ తరువాతి కార్యక్రమానికి ఒక కూర్పు ఉన్నది. ముందు వేగంగా నడిచే ఒక వాద్యగతి. పిదప బ్యాండుతో కలిసి తిరిగే గాయని ఒకటి రెండు పాటలు పాడును. బూట్ల అడుగున లోహపు రేకులు తొడిగి, నేల మీద తాళం వేస్తూ చేసే 'టాప్' నృత్యకారులు ఆ వెంట వస్తారు. మన నర్తకి గజ్జెలు మృదంగంతో సంవాదం చేసినట్లే వారి పాదాలు డ్రమ్ములతో సంవాదం చేసేవి. తరువాత హాస్యగాడో, గారడివాడో, ఇతరుల గొంతుకలను అనుకరించేవాడో వస్తాడు. అతడు ముందు తెర దగ్గర నిలిచి నవ్విస్తుండగా వెనుక వేదిక మార్చుకొనేవారు. ప్రధాన గాయకుడు వచ్చేది చివరికి. ఆ పిమ్మట బ్యాండు తన ప్రసిద్ధమైన వరుస వాయిస్తుండగా వేదిక దిగిపోయేది. అంతయు ఐదు పదుల నిమిషాలు, మించిన ఒక గంట. బ్యాండువారు ఒక్క నిమిషం ఆలస్యం చేయడానికి వీలులేదు. వెనుక చిత్రం కాచుకొని ఉన్నది.

చూచేవారికి ఇది పండుగ. వాయించేవారికి మాత్రం కఠినమైన కొలువు. నిత్యం ఐదు ఆటలు, శనివారాలలో ఆరు, ఒక్కొక్కచోట ఏడు కూడా ఉండేవి. రోజుకు ఐదు చొప్పున లెక్కించినా వారానికి 35 మార్లు అదే క్రమంలో అవే వరుసలు వాయించవలెను. ప్రొద్దున పది గంటల ప్రాంతాన మొదటి ఆట. ఆ వేళకు పెదవులు ఇంకా బిగియక బాకాలు పలుకవు. చివరి ఆట అర్ధరాత్రి సమీపిస్తుండగా ముగియును. ఆటకు ఆటకు నడుమ చిత్రం నడిచే గంటన్నరలోనే భోజనం, నిద్ర, పేకాట, ఉత్తరాలు వ్రాయడం. అయినను బ్యాండులవారు ఈ కొలువును కోరుకొన్నారు. ఎందుకనగా రెండవ మార్గం ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క ఊరిలో వాయించి, తెల్లవారులూ బస్సులో వందల మైళ్లు ప్రయాణం చేయడం. ఊరూరా గుడారాలు మోసుకొని తిరిగిన నాటక సమాజాల వారు ఒక పెద్ద పట్టణంలో నెలపాటు మకాం దొరికితే ఎట్లు సంతోషించేవారో, వీరికి సినిమాహాలు అట్టిది. ఒకేచోట ఒక వారమో, నాలుగు వారాలో నిలకడ దొరికేది.

1941 డిసెంబరు 7వ తేదీ ఆదివారం. ప్రసిద్ధ క్లారినెట్ విద్వాంసుడు ఆర్టీ షా ఆనాడు రోడ్ ఐలండు రాష్ట్రంలోని ప్రావిడెన్సు నగరంలో ఒక హాలులో ప్రదర్శన ఇస్తున్నాడు. పెరల్ హార్బరు మీద జపాను దాడి చేసిన వార్త వచ్చినది. సైనికులందరు వెంటనే తమ స్థావరాలకు తిరిగిపోవలెనని రంగస్థలం మీద నుండి ప్రకటించవలసిందిగా ఆయనను కోరినారు. ఆ ప్రకటన చేసిన తరువాత హాలులో ఎంతమంది లేచి వెళ్లినారో చూచి తాను దిగ్భ్రమ చెందినట్లు, వాయించడం మీద మనస్సు నిలువనట్లు ఆయన పిదప చెప్పుకొన్నాడు. కొద్దినెలలకే ఆయన నౌకాదళంలో చేరి, పసిఫిక్ దీవులలోని సైనికులకు బ్యాండు నడిపినాడు. యుద్ధకాలపు సినిమాహాలు కథ ఆ ఆదివారంతో మొదలైనదని మేము భావిస్తాము.

యుద్ధం వచ్చినప్పుడు వినోదాలు తగ్గునని మనము అనుకొంటాము. అక్కడ జరిగినది అందుకు విరుద్ధం. ఆయుధ కర్మాగారాలు రేయింబవళ్లు పనిచేసినవి. నిన్నటి నిరుద్యోగికి నేడు మంచి జీతం వచ్చినది. కాని కొనడానికి వస్తువులు లేవు. 1942 ఫిబ్రవరి తరువాత ప్రజల కొరకు మోటారు కార్లు తయారుచేయడమే నిలిపివేసినారు. చేతిలోని డబ్బు సినిమాహాలు వైపు ప్రవహించినది. ఆ యేండ్లలో అమెరికాలో వారానికి 8 కోట్లకు పైగా టిక్కెట్లు అమ్ముడయ్యేవని అంచనా. రాత్రి పాళీ ముగించుకొని వచ్చే కార్మికుల కొరకు కొన్ని హాళ్లు తెల్లవారులూ తెరచి ఉంచేవారు.

రెండవ కారణం ప్రయాణం. రబ్బరు పండే ఆగ్నేయాసియా జపానువారి వశమైనది. 1942 జనవరి నుండి టైర్లకు, ఆ యేడాది మే నుండి తూర్పు రాష్ట్రాలలోను, డిసెంబరు నుండి దేశమంతటను పెట్రోలుకు రేషను పెట్టినారు. వినోద బృందాలకు బస్సులు అద్దెకు దొరకడం దుర్లభమైనది. రైళ్లు సైనికులతో నిండిపోయినవి. ఊరూరా తిరిగే బ్యాండుకు కాళ్లు విరిచినట్లయినది. నగరం నడుమ, ట్రాములు, పాతాళ రైళ్లు చేరే చోట ఉన్న సినిమాహాలు ఒక్కటే ఆధారం.

మూడవ కారణానికి మన దేశంతో సంబంధం ఉన్నది. ఆ కాలపు గ్రామఫోను రికార్డులను లక్కతో చేసేవారు. ఆ లక్క మన అడవులలో చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కూర్చినదే. ఛోటానాగపూరు ప్రాంతం దానికి ముఖ్యస్థానం. గాజులకు, బొమ్మలకు, ముద్రలకు మన ఇండ్లలో ఎరిగిన వస్తువే సముద్రాలు దాటి అమెరికా రికార్డులుగా మారేది. యుద్ధంతో హిందూ మహాసముద్రంలో ఓడల రాకపోకలు ప్రమాదకరమైనవి. లక్క ఆయుధ పరిశ్రమకు కూడా అవసరమైనది. 1942 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కను 70 శాతం తగ్గించినది. ఎన్నో దుకాణాలలో పాత రికార్డు తెచ్చి ఇచ్చినవారికే క్రొత్తది అమ్మేవారు.

ఇది చాలదన్నట్లు 1942 ఆగస్టు 1వ తేదీ నుండి వాద్యకారుల సంఘం రికార్డింగు సమ్మె ప్రారంభించినది. దాని అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో వాదం ఇది: రేడియోలోను, నాణెం వేస్తే పాడే యంత్రాలలోను రికార్డులు వినిపించినంత కాలం సజీవ వాద్యకారునికి పని తగ్గిపోవును. కావున రికార్డు కంపెనీలు ప్రతి రికార్డు మీద కొంత సొమ్ము సంఘపు నిధికి చెల్లించవలెను. డెక్కా కంపెనీ 1943 సెప్టెంబరులోను, విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరులోను అంగీకరించేవరకు పెద్ద బ్యాండులు రికార్డులకు వాయించలేదు. అనగా రెండేండ్లకు పైగా క్రొత్త వరుస వినదలచినవారికి రెండే దారులు. ఒకటి రేడియోలో ప్రత్యక్ష ప్రసారం, రెండవది సినిమాహాలు.

ఇట్లు హాలు నిండినది. కాని రంగస్థలం వైపు చూచినచో వేరొక దృశ్యం. వాద్యకారులలో అధికభాగం ఇరువది, ముప్పది ఏండ్ల యువకులు. ఒక్కొక్కరికి సైన్యం నుండి పిలుపు వచ్చినది. ఒక వారం వాయించినవాడు మరుసటి వారం కనబడడు. ఆ ఖాళీలలో బడి విడిచిన పదునేడేండ్ల కుర్రవాండ్రను కూర్చుండబెట్టవలసి వచ్చినది. దొరికినవారు అధిక జీతం అడిగినారు. గ్లెన్ మిల్లర్ వయస్సు 38 ఏండ్లు, నిర్బంధంగా చేరవలసిన అవసరం లేదు. అయినను దేశంలో అత్యంత ప్రజాదరణ పొందిన తన బ్యాండును విడిచి సైన్యంలో చేరదలచినాడు. 1942 సెప్టెంబరు 27వ తేదీన న్యూజెర్సీలోని పసాయిక్ పట్టణంలో, సెంట్రల్ థియేటరు అనే సినిమాహాలులో ఆ బ్యాండు కడపటిసారి వాయించినది. చివరి వరుస వాయించే వేళ గాయని దుఃఖం ఆపుకొనలేక రంగస్థలం విడిచిపోయినదని చెప్పుకొన్నారు. సైనికులకు సంగీతం వినిపించడానికి ఇంగ్లండు వెళ్లిన మిల్లర్, 1944 డిసెంబరు 15వ తేదీన ఫ్రాన్సుకు బయలుదేరిన చిన్న విమానంతో సహా అదృశ్యమైనాడు. ఆ విమానం దొరకలేదు.

పురుషులు యుద్ధానికి పోగా స్త్రీల బ్యాండులకు అవకాశం పెరిగినది. మిసిసిపీ రాష్ట్రంలో నీగ్రో బాలబాలికల కొరకు నడచిన పైనీ వుడ్స్ పాఠశాలకు విరాళాలు వసూలు చేయడానికి 1937లో బాలికలు ఒక బ్యాండుగా ఏర్పడినారు. 'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్' అని దాని పేరు. 1941లో వారు పాఠశాల నుండి విడివడి స్వతంత్రంగా జీవనం ప్రారంభించి వాషింగ్టనులోని హోవర్డ్, న్యూయార్కులోని అపోలో వంటి హాళ్లను నింపినారు. 1945లో ఐరోపాకు పోయి సైనికుల ఎదుట వాయించినారు.

అపోలో పేరు వచ్చినది గనుక ఒక విషయం దాచరాదు. స్వింగ్ సంగీతానికి ప్రాణం పోసినవారు నల్లజాతి విద్వాంసులు. డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ, జిమ్మీ లన్స్‌ఫర్డ్ వంటివారు ఆ సంగీతానికి ఆచార్యులు. అయినను వారు వాయించే ఊరిలోనే వారికి హోటలులో గది ఇచ్చేవారు కారు. దక్షిణ రాష్ట్రాలలో చట్టమే జాతుల మధ్య గోడ కట్టినది. స్వాతంత్ర్యం కొరకు యుద్ధం చేస్తున్నామని వార్తాచిత్రం చెప్పిన హాలులోనే కొన్నిచోట్ల నల్లవారు మేడ మీద వేరుగా కూర్చుండవలసి వచ్చినది. అందువలననే హార్లెములో 1934లో నల్లవారికి తలుపులు తెరచిన అపోలో, వాషింగ్టనులోని హోవర్డ్, షికాగోలోని రీగల్ వారికి స్వంత ఇండ్ల వంటివి. అపోలోలో ప్రతి బుధవారం రాత్రి క్రొత్తవారికి పోటీ జరిగేది. 1934 నవంబరులో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డు, 1942లో సారా వాన్ గెలుపొంది లోకానికి తెలిసినది ఆ రంగస్థలం మీదనే. బెన్నీ గుడ్‌మన్ తన చిన్న బృందంలో 1936 నుండి టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ అనే నల్లజాతి విద్వాంసులను ప్రక్కన నిలిపి వాయించడం ఆనాటికి సాహసకార్యం.

ఆ యేండ్లలో హాలు వాతావరణం కూడా మారినది. సముద్రంలో పొంచియున్న జర్మను జలాంతర్గాములకు నగరపు వెలుగు మీద మన ఓడల నీడలు కనబడునన్న భయంతో 1942లో టైమ్స్ స్క్వేరు దీపాలు తగ్గించినారు. పారమౌంట్ భవనం శిఖరాన వెలిగే గోళాన్ని కూడా ఆర్పివేసినారు. చీకటి వీధిలో నుండి జనులు వెలుగు నిండిన హాలులోనికి ప్రవేశించేవారు. ప్రవేశ మంటపంలోనే యుద్ధ ఋణపత్రాలు అమ్మే బల్ల ఉండేది. వార్తాచిత్రంలో యుద్ధభూమి, వెనువెంటనే రంగస్థలం మీద ప్రేమగీతం. అన్నయో, ప్రియుడో సముద్రానికి ఆవల ఉన్న పదహారేండ్ల బాలిక ఆ రెంటినీ ఒకే ఆసనంలో కూర్చుండి చూచినది. ఆ పిల్లల కేకలను వెఱ్ఱి అని ఆనాటి పెద్దలు కొందరు నిందించినారు. ఆ కేకలో ఎంత భయం, ఎంత ఎడబాటు ఉన్నదో మేము ఊహించగలము.

ఆ కేక పరాకాష్ఠ నందుకొన్నది ఫ్రాంక్ సినాట్రా అనే 27 ఏండ్ల గాయకుని విషయంలో. టామీ డార్సీ బ్యాండులో పాటలు పాడుతూ ఉండిన ఇతడు 1942 శరత్కాలంలో బయటికి వచ్చినాడు. 1942 డిసెంబరు 30వ తేదీన పారమౌంటులో బెన్నీ గుడ్‌మన్ బ్యాండుకు అదనపు ఆకర్షణగా మాత్రమే అతని పేరు వేసినారు. అతడు తెర చాటు నుండి తల చూపగానే లేచిన కేక విని గుడ్‌మన్ నివ్వెరపోయినాడట. అతడు అక్కడ ఎనిమిది వారాలు నిలిచినాడు. 1944 అక్టోబరు 12వ తేదీ కొలంబసు దినం, బడులకు సెలవు. ఆనాడు పారమౌంటులో మొదటి ఆట ముగిసినప్పుడు మూడు వేల అరువందల మందిలో రెండువందల ఏబది మంది మాత్రమే బయటికి వచ్చినారని చెప్పినారు. మిగిలినవారు ఆసనాలు విడువలేదు. బయట కాచియున్నవారు సుమారు 30,000 మందియని అంచనా. తొక్కిసలాటలో కిటికీలు పగిలినవి. ఊరేగింపు కావలికి పెట్టిన పోలీసులను కూడా అక్కడికి మళ్లించవలసి వచ్చినది.

ఈ సంఘటనలో వినోదం కన్న లోతైన విషయం ఒకటి ఉన్నది. బ్యాండులో గాయకుని స్థానం అంతకుముందు చాల చిన్నది. అతడు ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చుండి, పిలిచినప్పుడు లేచి ఒక చరణం పాడి కూర్చుండేవాడు. 1939లో హారీ జేమ్స్ బ్యాండుతో సినాట్రా పాడిన ఒక రికార్డు ఆనాడు అమ్ముడు కాలేదు. దానినే సమ్మె కాలంలో, 1943లో, గాయకుని పేరు ముందు పెట్టి తిరిగి విడుదల చేసినప్పుడు లక్షలకొలది అమ్ముడైనది. గాయకులు వాద్యకారుల సంఘంలో సభ్యులు కారు. కావున సమ్మె వారిని కట్టివేయలేదు. వాద్యాలు లేకుండ, వెనుక కొన్ని గొంతుకలు మాత్రమే వంత పాడగా వారు రికార్డులు ఇచ్చినారు. వాద్యకారుల జీవనం కాపాడడానికి చేసిన సమ్మె వాద్యకారులను మౌనంగా ఉంచి, గాయకుని ఒంటరిగా సింహాసనం మీద కూర్చుండబెట్టినది. సంఘం వాదంలో న్యాయం లేకపోలేదు. ఫలితం మాత్రం వారు తలచినది కాదు.

యుద్ధం చివరి దశలో ఇతర దెబ్బలు కూడా తగిలినవి. 1944 ఏప్రిలులో నృత్యం, పాట ఉన్న భోజనశాలల మీద ప్రభుత్వం 30 శాతం పన్ను వేసి, జూలైలో 20కి తగ్గించినది. నాట్యశాలలు పలుచబడినవి. 1945 ఫిబ్రవరి చివరి నుండి మే వరకు వినోదశాలలు అర్ధరాత్రికి మూయవలెనని ఉత్తర్వు వచ్చినది. శాంతి వచ్చిన తరువాత సైనికులు ఇండ్లకు చేరి, పెండ్లిండ్లు చేసికొని, పిల్లలతో ఇంటిపట్టున ఉన్నారు. కొనడానికి వస్తువులు తిరిగి వచ్చినవి. పదహారుమంది జీతాలు, రైలు ఖర్చులు మాత్రం తగ్గలేదు. 1946 డిసెంబరు ఒక్క నెల ప్రాంతంలో బెన్నీ గుడ్‌మన్, టామీ డార్సీ, హారీ జేమ్స్, వుడీ హెర్మన్, లెస్ బ్రౌన్, జాక్ టీగార్డెన్, బెన్నీ కార్టర్, ఇనా రే హట్టన్ అనే ఎనిమిదిమంది నాయకులు తమ బ్యాండులను రద్దు చేసినారు. కొందరు మరల ప్రారంభించినారు గాని, ఆ వైభవం మరల రాలేదు.

హాళ్లవారికి కూడా క్రొత్త చిక్కులు వచ్చినవి. చిత్రాలు తీసే కంపెనీలు హాళ్లను తమ చేతిలో ఉంచుకొనరాదని 1948లో ఆ దేశపు సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఇంతలో టెలివిజన్ వచ్చి జనాన్ని ఇంటిలోనే కూర్చుండబెట్టినది. 1950 తరువాతి కొద్ది ఏండ్లలోనే చాల హాళ్లలో రంగస్థల ప్రదర్శనలు నిలిచిపోయినవి. పారమౌంట్ థియేటరు 1964లో మూతపడి, లోపలి భాగం కార్యాలయాలుగా మారినది. తన సొంత వాద్యబృందంతోను, నర్తకీమణుల వరుసతోను ప్రసిద్ధమైన రేడియో సిటీ మ్యూజిక్ హాలు మాత్రం చిత్రంతో ప్రదర్శన ఇచ్చే పద్ధతిని 1979 వరకు నిలుపుకొన్నది. అపోలో రంగస్థలం నేటికీ ఉన్నది.

ఈ కథ సారాంశం ఒక్కటే. ఆ బ్యాండులు సినిమా అనే పెద్ద వ్యాపారం నీడలో బ్రదికినవి. జనాన్ని రప్పించడానికి అవసరమైనంత కాలం యజమాని వారికి జీతం ఇచ్చినాడు. అవసరం తీరిన నాడు ఆ గోతిలోని వేదిక లేవలేదు. సంగీతం చెడిపోయినందువలన కాదు, వినేవారు దాని కొరకే డబ్బు చెల్లించే అలవాటు ఏర్పడనందువలన అది ఆగిపోయినది. సజీవ సంగీతం ఏ దేశంలోనైనను ఈ ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు.

సమ్మె కాలంలో ఆ బ్యాండులు ఎట్లు వాయించినవో తెలిసికొనడానికి నేడు మనకు మిగిలిన ఆధారాలు కొన్ని ఉన్నవి. రేడియో ప్రసారాల ప్రతులు ఒకటి. అమెరికా సైన్యం 1943 నుండి సైనికుల కొరకే తయారుచేసిన 'వి-డిస్కు' రికార్డులు రెండవది. అమ్మకానికి పెట్టరాదన్న షరతు మీద సంఘం వాటికి సమ్మె నుండి మినహాయింపు ఇచ్చినది. 1949లో ఆ కార్యక్రమం ముగిసిన తరువాత వాటిని నాశనం చేయవలెనని నిర్ణయించినను, సైనికులు పెట్టెలలో దాచి తెచ్చినవి కొన్ని దక్కినవి. రాత్రివేళ ఎప్పుడైనను మీ రేడియోలో అట్టి వరుస ఒకటి వినబడినచో, దాని చివర జనం చేసే కోలాహలాన్ని కూడా చెవియొగ్గి వినండి. అందులో మరునాడు ఓడ ఎక్కవలసిన సైనికులు ఉన్నారు. వారి ప్రక్కన, రెండవ ఆట కొరకు ఆసనం విడువక కూర్చున్న చిన్న పిల్లలు ఉన్నారు.